మామూలు పెట్రోల్ కారుకి ఫ్యూయల్ కంట్రోలర్ పెట్టించాలా? నా 22 వేలు ఏమయ్యాయో చెప్తా

ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ నల్ల డబ్బా చూడండి. సబ్బు పెట్టె అంత ఉంటుంది, కింద ఓ పది వైర్లు వేలాడుతున్నాయి. దీని పేరు ఫ్యూయల్ కంట్రోలర్. మన కుర్రాళ్ళు పిగ్గీబ్యాక్ అంటారు. నాలుగేళ్ల కిందట బిగింపుతో కలిపి దీనికి 22 వేలు పెట్టాను. ఇప్పుడిది మా ఇంట్లో పాత చార్జర్లు పడేసే డ్రాయర్‌లో ఉంటోంది. ఇవాళ వీడియో కోసం దుమ్ము దులిపి బయటికి తీశా.

ఎందుకు తీయాల్సి వచ్చిందంటే, మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు వరంగల్ నుంచి ఫోన్ చేశాడు. వాడికి ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. సెకండ్ హ్యాండ్‌లో ఓ 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. "అన్నా, ఒక షాపు వాళ్ళు ఫ్యూయల్ కంట్రోలర్ పెడితే పదిహేను హార్స్‌పవర్ పెరుగుద్ది, మైలేజ్ కూడా పెరుగుద్ది అంటున్నారు. 28 వేలంట. క్రెడిట్ కార్డు మీద ఆర్నెల్ల ఈఎంఐ పెట్టేస్తా. పెట్టించేయనా?" అన్నాడు. "రేయ్, కార్డు జేబులో పెట్టుకో, రెండ్రోజులు ఆగు" అన్నా. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ మీకు వివరంగా చెప్తున్నా.

ముందు ఒక మాట. ఇవాళ మాట్లాడేది నేచురల్లీ ఆస్పిరేటెడ్ కార్ల గురించి. అంటే టర్బో లేని మామూలు పెట్రోల్ కార్లు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ శాతం ఇవే. వీటిలో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి గాలి తనంతట తాను ఎంత లోపలికొస్తే అంతే. లోపలికి నెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

మీ అమ్మమ్మ ఇంట్లో కట్టెల పొయ్యి చూసే ఉంటారు కదా. మంట చిన్నగా ఉందని ఇంకో నాలుగు కట్టెలు కుక్కితే ఏమవుతుంది? మంట పెరగదు, పొగొస్తుంది. కళ్ళు మండుతాయి. అదే గొట్టం తీసుకుని ఊదితే ఒక్కసారిగా మంట లేస్తుంది. ఇంజన్ కూడా అంతే. పవర్‌కి హద్దు పెట్టేది పెట్రోల్ కాదు, గాలి. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, ఇంజెక్టర్ ఇంకాస్త సేపు తెరిచి ఉంచితే సరిపోతుంది. గాలి అలా దొరకదు. టర్బో అంటే ఆ ఊదుడు గొట్టం అన్నమాట. ఫ్యూయల్ కంట్రోలర్ అంటే కట్టెలు కాస్త అటూ ఇటూ సర్దడం.

దీనికి కళ్ళ ముందున్న ఉదాహరణ చెప్తా. మూడో తరం హ్యుందాయ్ ఐ20 వచ్చినప్పుడు ఒకే కారులో రెండు పెట్రోల్ ఇంజన్లు ఇచ్చారు. టర్బో లేని 1.2 లీటర్ ఇంజన్ 83 పీఎస్. దానికంటే చిన్నదైన 1.0 లీటర్ టర్బో ఇంజన్ 120 పీఎస్. ఒక సిలిండర్ తక్కువ, సైజు తక్కువ, అయినా పవర్ దాదాపు ఒకటిన్నర రెట్లు. తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? గాలి నుంచి.

ఇప్పుడు కొన్ని లెక్కలు, ఓపిక పట్టండి, చిన్నవే. ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. మామూలుగా సిటీలో వెళ్తున్నప్పుడు ఇంజన్ ఈ నిష్పత్తి దగ్గరే తిరుగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, కావాలనే పెట్రోల్ కొంచెం పెంచి 12.5, 13 దగ్గరికి తెస్తుంది. గరిష్ఠ పవర్ అక్కడే వస్తుంది. అసలు విషయం ఏంటంటే, ఆ చోట గీత బాగా చదునుగా ఉంటుంది. 12.2 దగ్గరున్నా 13.2 దగ్గరున్నా పవర్‌లో తేడా ఒక శాతం అటూ ఇటూ. కంపెనీ వాళ్ళు ఈపాటికే ఆ చదును మీద నిలబెట్టిన ఇంజన్‌ని మనం డబ్బా పెట్టి ఎంత జరిపినా ఒరిగేది ఏముంటుంది చెప్పండి? 87 హార్స్‌పవర్ కారులో రెండు మూడు శాతం వచ్చినా అది రెండు, రెండున్నర హార్స్‌పవర్. పదిహేను ఎక్కడ్నుంచి వస్తుంది?

సరే, ఇదంతా నాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే ఈ డబ్బా ఇవాళ నా చేతిలో ఉండేది కాదు.

నాది కూడా 1200 సీసీ హ్యాచ్‌బ్యాకే, 87 హార్స్‌పవర్. కంపెనీ పేరు చెప్పను, ఇందులో ఆ కారు తప్పేమీ లేదు. ట్యూనింగ్ షాపు పేరు కూడా చెప్పను. వాళ్ళు సాయంత్రం మూడు గంటలు కూర్చుని వైర్లు కోసి, మధ్యలో ఈ డబ్బా కలిపి, ల్యాప్‌టాప్‌లో ఏదో ఫైల్ ఎక్కించారు. ఇంటికొస్తుంటే నిజం చెప్తున్నా, బండి ఎగిరినట్టే అనిపించింది. మా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి "మామా, వేరే కారు నడుపుతున్నట్టుందిరా" అన్నా.

ఎందుకలా అనిపించిందో తర్వాత అర్థమైంది. ఒకటి, డబ్బా బిగించేటప్పుడు బ్యాటరీ పీకారు. ఈసీయూ అప్పటిదాకా నేర్చుకున్నది చెరిగిపోయింది. కొత్తగా మొదలెట్టిన ఈసీయూ డబ్బా చెప్పిన మాట కొన్ని రోజులు నమ్మింది. రెండు, రాత్రి చల్లగాలి. మూడు, 22 వేలు ఇచ్చి వచ్చిన మనసు. ఈ మూడోదే అన్నిటికంటే ఎక్కువ హార్స్‌పవర్ ఇస్తుంది.

రెండు వారాలకి ఆ ఊపు పోయింది. మైలేజ్ 16 నుంచి 14కి దిగింది. షాపుకి ఫోన్ చేస్తే "సెట్ అవ్వడానికి టైమ్ పడుతుంది సర్" అన్నారు. అప్పుడు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, వెయ్యి రూపాయలు పెట్టి ఓబీడీ రీడర్ కొన్నా. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చితే బ్లూటూత్‌లో మీ ఫోన్‌కి ఇంజన్ లెక్కలన్నీ వస్తాయి. మీలో కారున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇది ఉండాలంటాను. ఇలాంటి డబ్బా కొనే ముందైనా ఉండాలి.

అందులో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని కాస్త వివరంగా చెప్తా, కథంతా అక్కడే ఉంది.

ఈ డబ్బా నేరుగా పెట్రోల్ పోయదు. నా డబ్బా చేసే పని ఏంటంటే, గాలి ఎంత వస్తోందో చెప్పే మ్యాప్ సెన్సార్ వైరు మధ్యలో కూర్చుని ఈసీయూకి అబద్ధం చెప్పడం. నూరు వంతుల గాలి వస్తే "నూట పదమూడు వస్తోంది" అంటుంది. ఈసీయూ పాపం నమ్మి 13 శాతం పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ అని ఇంకోటి ఉంటుంది. అది కాలిన పొగని క్షణక్షణం రుచి చూస్తూ ఉంటుంది. "ఏంటిది, పెట్రోల్ ఎక్కువైంది" అని ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ తగ్గిస్తుంది. తగ్గించి ఊరుకోదు, "ఈ బండిలో ఎప్పుడూ ఆ మేరకు తక్కువే పోయాలి" అని రాసి పెట్టుకుంటుంది. ఆ రాసుకున్న లెక్కే లాంగ్ టర్మ్ ట్రిమ్.

నా ఫోన్లో అది ఎంత చూపించిందో తెలుసా? మైనస్ 13. అంటే డబ్బా పోస్తోంది, ఈసీయూ తోడేస్తోంది. నేను 22 వేలు పెట్టి నా కారులో ఇద్దరికి గొడవ పెట్టా, అంతే.

"అన్నా, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కితే ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు కదా" అని తెలిసినవాళ్ళు అడుగుతారు. కరెక్టే. అప్పుడు ఈసీయూ సెన్సార్‌ని పక్కన పెట్టి తన టేబుల్ ప్రకారం పోస్తుంది. కానీ చాలా ఈసీయూలు ఆ రాసుకున్న ట్రిమ్‌ని అక్కడ కూడా వాడతాయి. పైగా మీరు నిజంగా రోజులో ఎంతసేపు ఫుల్‌గా తొక్కుతారు? అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి వెళ్ళేవాడికి రోజుకి ఒక నిమిషం కూడా ఉండదు.

తర్వాత డైనో మీద పెట్టించా. బిగించే ముందే చేయించాల్సింది, అది నా తప్పు. ఒకే రోజు, ఒకే గంటలో, డబ్బాతో మూడు రన్‌లు, డబ్బా బైపాస్ చేసి మూడు రన్‌లు. చక్రాల దగ్గర డబ్బాతో 72.4, లేకుండా 71.1. తేడా 1.3 హార్స్‌పవర్. ఒక్కో హార్స్‌పవర్ నాకు దాదాపు 17 వేలు పడింది, డైనో ఖర్చు కాకుండా.

మీకు ఇంకో లెక్క చెప్తా, నవ్వొస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రం దగ్గర కంటే ఆరు శాతం తక్కువ. టర్బో లేని 87 హార్స్‌పవర్ ఇంజన్ ఇక్కడ ఓ ఐదు హార్స్‌పవర్ కోల్పోతుంది. కారుని విజయవాడ తీసుకెళ్తే ఆ ఐదూ ఫ్రీగా తిరిగొస్తాయి, ఏ షాపుకీ వెళ్ళక్కర్లేదు. కాకపోతే మే నెలలో బెజవాడ ఎండ వాటిని మళ్ళీ లాగేసుకుంటుంది. డిసెంబర్ తెల్లారుజామున 15 డిగ్రీల గాలికీ, మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికీ సాంద్రతలో ఎనిమిది శాతం పైనే తేడా. మన ట్యూనింగ్ షాపు అమ్మే దానికంటే వాతావరణం ఎక్కువ ఇస్తుంది, ఎక్కువ తీసుకుంటుంది.

ఇంతవరకు డబ్బుల సంగతి. డబ్బులు పోతే పోయాయి. నాకు కోపం వచ్చింది ఆ తర్వాత జరిగిన దానికి.

మైలేజ్ తగ్గిందని మళ్ళీ మళ్ళీ అడిగితే షాపు వాళ్ళు ఇంకో ఫైల్ ఎక్కించారు, మైలేజ్ మోడ్ అని. ఈసారి డబ్బా రివర్స్‌లో అబద్ధం చెప్పింది, గాలి తక్కువ వస్తోందని. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆ గాలి లెక్కతో ఈసీయూ పెట్రోల్ ఒక్కటే నిర్ణయించదు, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో కూడా నిర్ణయిస్తుంది. గాలి తక్కువ అంటే ఇంజన్ మీద బరువు తక్కువ అనుకుని స్పార్క్‌ని ముందుకి జరుపుతుంది. బరువు నిజంగా తక్కువ లేదు కదా. దాంతో మంట అంటుకోవాల్సిన దానికంటే ముందే పీడనం పెరిగి లోపల టకటక కొట్టుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఎక్కువసేపు అలా నడిపితే పిస్టన్‌లు పోతాయి.

మే నెలలో మా పిన్ని కూతురి పెళ్ళికి విజయవాడ బయల్దేరాం. నేను, అమ్మ, నాన్న, అక్క. ఏసీ ఫుల్లు, డిక్కీ నిండా సామాను. సూర్యాపేట దాటాక నాలుగో గేర్‌లో లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే బానెట్ కింద గోళీలు పోసి ఊపినట్టు శబ్దం. మా నాన్న "ఏంట్రా అది" అన్నాడు. నేను ఏసీ ఆపి, మిగతా దారంతా మెల్లగా తీసుకెళ్ళా. ఏమీ లేదు నాన్నా అని అబద్ధం చెప్పా. ఆ కారులో అబద్ధాలు చెప్పేవాళ్ళు ఇద్దరయ్యారు.

తిరుగు ప్రయాణంలో రాత్రి పదకొండుకి, కోదాడకీ సూర్యాపేటకీ మధ్యలో, 80 మీద వెళ్తున్న కారు ఒక్కసారిగా ఆఫ్ అయిపోయింది. కుదుపు లేదు, వార్నింగ్ లేదు. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కేసరికి రాయిలా అయిపోతుంది. ఎలాగో ఎడం పక్కకి తెచ్చి ఆపా. వెనక నుంచి లారీలు వెళ్తుంటే కారు ఊగుతోంది. నేను ఫోన్ టార్చ్ పట్టుకుని వెనక నిలబడ్డా. అమ్మని, నాన్నని, అక్కని రోడ్డు దిగి చెట్టు దగ్గర నిలబెట్టా. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టుంటే బాగుండేదనిపించింది.

సూర్యాపేట నుంచి ఒక మెకానిక్ పెద్దాయన బండి మీద వచ్చాడు. డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి చూసి, ఈ డబ్బా బయటికి లాగి, "ఇదేంది బాబూ" అన్నాడు. ఆర్పీఎం తెలుసుకోడానికి క్రాంక్ సెన్సార్ వైరుకి కూడా ట్యాప్ వేశారు. ఆ ముడి దగ్గర వైరు పచ్చగా చిలుం పట్టి తెగిపోయింది. క్రాంక్ సెన్సార్ సిగ్నల్ లేకపోతే ఈసీయూకి ఇంజన్ తిరుగుతోందో లేదో కూడా తెలీదు, వెంటనే అన్నీ ఆపేస్తుంది. ఆయన డబ్బా మొత్తం కోసేసి, కంపెనీ వైర్లు తిరిగి కలిపి, టేపు చుట్టాడు. పావుగంట. బండి స్టార్ట్ అయింది. ఎంతివ్వాలి అంటే "ఐదొందలు ఇయ్యి" అన్నాడు. డబ్బా నా చేతిలో పెట్టి "ఇది మల్ల పెట్టకు" అన్నాడు.

మరి ఇది ఎవరికీ పనికిరాదా? అలా అంటే అబద్ధమవుతుంది. 1990లలో, 2000 మొదట్లో జపాన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు అపెక్సీ కంపెనీ సూపర్ ఏఎఫ్‌సీ అనే కంట్రోలర్ తెగ వాడారు. అప్పటి కార్లలో కొన్నిటికి పై ఆర్పీఎంలో ఫ్యాక్టరీ నుంచే పెట్రోల్ అవసరానికి మించి పోసేలా సెట్టింగ్ ఉండేది. దాన్ని తగ్గించి కొంత పవర్ రాబట్టారు. గమనించారా, పవర్ వచ్చింది పెట్రోల్ పెంచినందుకు కాదు, తగ్గించినందుకు. క్యామ్‌షాఫ్ట్ మార్చి, కంప్రెషన్ పెంచి, పెద్ద ఇంజెక్టర్లు వేసి రేస్ ట్రాక్‌కి తయారు చేసే బండికి, ఈసీయూని తెరిచి రాసే దారి లేనప్పుడు ఇలాంటి డబ్బా అవసరమే. అప్పుడు ఇంజన్‌లోకి వచ్చే గాలి మారింది కాబట్టి పెట్రోల్ లెక్క కూడా మారాలి. అది కూడా వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి, డైనో మీద చేసే పని. ఎయిర్ ఫిల్టర్ మార్చి స్టిక్కర్ అంటించిన బండికి కాదు. ఈసీయూనే రీమ్యాప్ చేసే దారి ఉంటే అది దీనికంటే నయం, వైర్లు కోయక్కర్లేదు. కానీ అందులో కూడా టర్బో లేని ఇంజన్ నుంచి పెద్దగా ఆశించకండి.

బైక్‌ల గురించి అడగకండి, ఆ లెక్క వేరే. దాని మీద విడిగా మాట్లాడదాం.

ఈ20 పెట్రోల్ వచ్చాక మైలేజ్ తగ్గింది, ఈ డబ్బా పెడితే సర్దుకుంటుందని కొత్తగా అమ్ముతున్నారు. ఇది వినండి. ఒక లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి లీటర్ పెట్రోల్‌లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. 20 శాతం ఇథనాల్ కలిపితే లీటర్‌కి వచ్చే శక్తే తగ్గుతుంది. లేని శక్తిని ఏ డబ్బా పుట్టించలేదు. పెట్రోల్ ఎంత పెంచాలో ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ తనే సర్దుకుంటోంది. ఇక ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే మైలేజ్ పెరుగుద్దని ఐదొందలకి అమ్మేవి ఉన్నాయి చూడండి, అలాంటివి విప్పి చూసినవాళ్ళకి లోపల లైట్లు మినుకు మినుకుమనే సర్క్యూట్ తప్ప ఏమీ దొరకలేదు.

మీరు ఇంకా పెట్టించుకుంటా అంటే మీ ఇష్టం. షాపులో మూడు అడగండి. నా కారుని బిగించక ముందు, బిగించాక ఒకే రోజు డైనో మీద చూపిస్తారా? వైడ్‌బ్యాండ్ పెట్టి ట్యూన్ చేస్తారా, లేక ఉన్న ఫైల్ ఎక్కిస్తారా? వైర్లు కోస్తారా, లేక కంపెనీ కనెక్టర్లకి సరిపోయే హార్నెస్ ఉందా? వారంటీలో ఉన్న కారైతే ఈ మూడూ అడక్కుండానే ఇంటికెళ్ళిపోండి.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదా. వాడితో ముందు ఓబీడీ రీడర్ కొనిపించా. ట్రిమ్‌లు బాగానే ఉన్నాయి, ప్లస్ 3. టైర్లలో గాలి చూస్తే 24 ఉంది, ఉండాల్సింది 32. స్పార్క్ ప్లగ్‌లు ఎప్పటివో అరిగిపోయి ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్‌లో చెట్టు ఆకులు. వెనక ఒక బ్రేకు పట్టేసి చక్రం వేడెక్కుతోంది. అన్నీ కలిపి 3,800 అయింది. "అన్నా, బండి ఇప్పుడు కొన్న రోజుకంటే బాగా లాగుతోంది" అన్నాడు. సంతోషించా.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, ఎగ్జాస్ట్ మారిస్తే సౌండ్ బాగుంటుందంట, 18 వేలే." వాడితో ఈ ఆదివారం వరంగల్‌లో మాట్లాడతా. ఉంటా మరి.